కోళ్ల గంపలో నూట పద్దెనిమిది మూలకాలు

ముందే హెచ్చరిస్తున్నాను. ఇది చదివాక నేను మీకు ఎక్కడైనా ఎదురుపడితే మీరు నవ్వు ఆపుకోలేరు, నేను మీ కళ్ళలోకి చూడలేను. ఈ రెండోది కొత్తేమీ కాదు లెండి. నేను ఎవరి కళ్ళలోకీ చూడలేను. పుట్టినప్పుడు కూడా నర్సు వైపు తిరగకుండా గోడ వైపు తిరిగి ఏడ్చానని మా ఇంట్లో చెప్పుకుంటారు. అలాంటి నేను తిరువూరులో ఒక జూనియర్ కాలేజీలో, నిండు తరగతి ముందు, ఈ విశ్వంలో ఉన్న మూలకాలన్నిటినీ నేలపాలు చేసి, ఒక పెద్దమనిషిని బెంచీ ఎక్కించిన వైనం ఇది. భూకంపం వచ్చినా అంత అల్లరి జరిగేది కాదు. భూకంపానికి రెక్కలుండవు కదా!

మాది పెనుగొలను. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. చేతికి పుస్తకమిస్తే అన్నం సంగతి మరిచిపోతాను, ఎదురుగా మనిషిని పెడితే మాటలు మరిచిపోతాను. పగలంతా నోటి దాకా వచ్చి వెనక్కి పోయిన మాటలన్నీ డైరీలో రాసుకుంటాను. నా డైరీలో నేను మహా వక్తను. అందులో చుట్టాలు నా చమత్కారాలకు పొట్ట పట్టుకుని నవ్వుతారు. బయట మాత్రం ఎవరేమడిగినా తల ఊపుతాను. అవునో కాదో అవతలివాళ్ళే తేల్చుకోవాలి.

ఆ వేసవిలో నాన్న నాకు నోటీసు ఇచ్చారు.

"అమ్మడూ, జూన్ లోపల ఉద్యోగం దొరికిందా, సంతోషం. లేదంటే మీ మామయ్య కొట్లో కూర్చో. మనిషి లేక వాడు అల్లాడిపోతున్నాడు."

మామయ్యది గంపలగూడెంలో పురుగుమందుల కొట్టు. అదివరకు ఒక్క పూట కూర్చున్నాను. పత్తి రైతు ఒకాయన వచ్చి, "ఏమ్మా, మీరిచ్చిన మందు కొడితే పురుగు చావకపోగా ఒళ్ళు చేసిందే!" అని అరిచాడు. నేను తల ఊపాను. "ఊపుతావేంటమ్మా, సమాధానం చెప్పు!" అన్నాడు. మామయ్య భోజనం చేసి వచ్చేసరికి నేను యూరియా బస్తాల వెనక ఉన్నాను. ఇక జీవితాంతం ఆ బస్తాల వెనకేనా అని బెంగపడుతున్న సమయంలో తిరువూరు కాలేజీ నుంచి ఫోను వచ్చింది. కెమిస్ట్రీకి ఒక లెక్చరర్ కావాలట. వచ్చి డెమో క్లాసు చెప్పాలట. పాఠం పీరియాడిక్ టేబుల్, అరగంట.

అరగంట! దేవుడు నాకు ఇచ్చిన మాటలన్నీ వరసగా పేర్చినా పావుగంట రావు.

ఆలోచించగా ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. పిల్లలు నన్ను చూడకుండా వేరే దేన్నో చూస్తూ కూర్చుంటే నాకు భయం ఉండదు. ఆ వేరేది నేను దాక్కునేంత పెద్దదైతే అసలు చింతే లేదు. ఫోనులో వెతికితే అద్భుతాలు కనిపించాయి. ప్రపంచంలో నాలాంటి వాళ్ళు కొందరు ఆవర్తన పట్టికను గోడ మీద నుంచి దించేసి, చుట్టలు చుట్టుకున్న మెట్లలా ఒకరు, పువ్వులా ఒకరు, స్తంభంలా ఒకరు, గోపురంలా ఒకరు కట్టి చూపించారు. ఎందుకంటారా? గోడ మీద చార్టులో నియాన్ ఆ చివర, సోడియం ఈ చివర ఉంటాయి. నిజానికి వరసలో అవి పదోదీ పదకొండోదీ, ఇరుగూ పొరుగూ. చార్టును చూస్తే తరాల పగ ఉన్నట్టు చెరో గోడకీ నిలబడతాయి. గుండ్రంగా చుట్టామా, రెండూ భుజాలు రాసుకుంటాయి. ఇంకొకటి. చార్టు అడుగున రెండు వరసలు విడిగా ఉంటాయి చూశారూ, ఇంట్లో చోటు చాలక వసారాలో చాప వేసి పడుకోబెట్టిన చుట్టాల్లా? గుండ్రని పట్టికలో వాళ్ళకీ లోపలే పడక.

ఇక ఆకారం. మొదటి వరసలో రెండే మూలకాలు. తర్వాత ఎనిమిది, మళ్ళీ ఎనిమిది, పద్దెనిమిది, మళ్ళీ పద్దెనిమిది, ముప్ఫై రెండు, మళ్ళీ ముప్ఫై రెండు. అంటే పైన సన్నగా ఉండి కిందికి వచ్చేకొద్దీ వెడల్పవ్వాలి. అలాంటిది ఎక్కడ దొరుకుతుందా అని పెరటి గుమ్మంలో కూర్చుని తల పట్టుకున్నాను. తల ఎత్తేసరికి ఎదురుగా బోర్లించి ఉంది. మా నాయనమ్మ కోళ్ల గంప.

నవ్వకండి. ఈ భూమి మీద ఆవర్తన పట్టికకు అంతకన్నా సరిపోయిన ఆకారం లేదని నేను ఇప్పటికీ వాదిస్తాను, డైరీలో.

పాత గంపను కడిగి ఆరబెట్టాను. చుట్టూ నల్ల చార్టు అంటించాను, సందు కనపడకుండా. దాని మీద రంగురంగుల కాగితం బిళ్ళలు, ఒక్కో మూలకానికి ఒక్కోటి. గంప పైన కోళ్లను తీసే కంత ఉంటుంది కదా, దాని మీద అట్ట మూత పెట్టి, హైడ్రోజన్‌నూ హీలియంనూ మూత మీద కూర్చోబెట్టాను. మామయ్య కొట్లో విరిగిన తిరుగుడు కుర్చీ ఒకటి పడి ఉంటే దాని అడుగు భాగం తెచ్చి, పైన గుండ్రటి ప్లైవుడ్ చెక్క బిగించి, చెక్క మీద గంపను తీగతో కట్టాను. వేలితో నెడితే చాలు, మూలకాలన్నీ గుడిలో ప్రదక్షిణం చేస్తున్నట్టు తిరిగేవి. నాయనమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏమే, ఎవరికే ఈ గంప?"

"కాలేజీకి నాయనమ్మా."

"కాలేజీలో ఎవరికి?"

"ప్రిన్సిపాల్ గారు చూడాలి."

"చూసి?"

"నచ్చితే ఉద్యోగం ఇస్తారు."

"ఓహో," అంది నాయనమ్మ. ఆ 'ఓహో'లో ఎన్ని అర్థాలున్నాయో నేను పట్టించుకోవలసింది. పట్టించుకోలేదు.

"మరి లోపలేం పెట్టావు?"

"లోపలేం ఉండదు. ఉన్నదంతా పైనే."

"ఒట్టి గంపా? పెద్దమనిషి దగ్గరికి ఒట్టి గంప పట్టుకుని పోతావా?"

ఇక్కడ మా నాయనమ్మ గురించి మీకు ఒక ముక్క చెప్పాలి. పక్కింటివాళ్ళ గిన్నె తిరిగి పంపాలంటే అందులో చిటికెడు పంచదారైనా వేయందే ఆవిడ గడప దాటనివ్వదు. ఒట్టి గిన్నె, ఒట్టి బుట్ట, ఒట్టి చెయ్యి, ఇవి మూడూ ఇంటికి దరిద్రం అని ఆవిడ సిద్ధాంతం. ఆ సంగతి నాకు తెలుసు. అప్పుడే కూర్చోబెట్టి, "నాయనమ్మా, ఇది కానుక కాదు, పాఠం" అని ఒక్క మాట చెప్పి ఉంటే ఈ జ్ఞాపకమే ఉండేది కాదు. కానీ పాఠమంటే ఏ పాఠం, మూలకమంటే ఏంటి, అది గంప మీద ఎందుకు అని పది ప్రశ్నలు వస్తాయి. పది ప్రశ్నలకు జవాబు చెప్పడమెందుకని, ఎప్పటిలాగే తల ఊపాను.

"సరే, నే చూసుకుంటాలే. నువ్వెళ్ళి చీర కట్టుకో," అంది.

ఆహా, ఎంత మంచి నాయనమ్మ అనుకుంటూ లోపలికి వెళ్ళాను. ఆవిడ పెరట్లోకి వెళ్ళింది. నాకప్పుడు తెలియనిది మీకిప్పుడే చెప్పేస్తున్నాను. మన మధ్య దాపరికం ఎందుకు? మా ఇంటి నల్లపెట్టను పట్టి, కాళ్ళకు తన పాత చీర పీలిక కట్టి, హైడ్రోజన్‌నూ హీలియంనూ పక్కకి జరిపి, ఆ కంతలోంచి గంపలో దించి, మళ్ళీ మూత పెట్టేసింది. పైన దుప్పటి కప్పింది. చీకట్లో కోడి ఎంత బుద్ధిగా ఉంటుందో పల్లెటూరి వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

షేర్ ఆటో ఎక్కించేటప్పుడు గంప కొంచెం బరువుగా తోచింది. విజ్ఞానం బరువు అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

ఆటోలో పక్కన కూర్చున్న ఆవిడ గంపను మోచేత్తో పొడిచింది.

"ఏముందమ్మా ఇందులో?"

"మూలకాలండి."

"అంటే?"

"అంటే... ఇనుము, రాగి, వెండి, బంగారం..."

ఆటో మొత్తం నా వైపు తిరిగింది. డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

"బంగారం కూడానా?" అంది ఆవిడ గొంతు తగ్గించి.

నేను తల ఊపాను. ఇక చూడండి! డ్రైవరు గుంత గుంతకీ ఆటోను చంటిపిల్ల ఉయ్యాలలా నడిపాడు. ఆవిడ రెండు చేతులతో గంపను వాటేసుకుంది. "ఒంటరిగా బయల్దేరావేంటి తల్లీ! రోజులు బాగున్నాయా?" అని మందలించింది. తిరువూరులో దిగాక గంపను కాలేజీ గేటు దాకా మోసి, వాచ్‌మన్‌కి అప్పగించి, "జాగర్త బాబూ, లోపల చాలా విలువైంది ఉంది," అని చెప్పి మరీ వెళ్ళింది. ఆ రోజు మొత్తంలో నిజం పలికిన మనిషి ఆవిడ ఒక్కతే.

తరగతిలో పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ గారు కూర్చున్నారు. మహా నిష్ఠాపరులు. ఆయన ఇంట్లోకి ఉల్లిపాయ కూడా రావడానికి జంకుతుందని తిరువూరులో చెప్పుకుంటారు. మా నాయనమ్మకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

గంపను బల్ల మీద పెట్టించి, దుప్పటి తీసి, నేను వెళ్ళి దాని వెనక నిలబడ్డాను. నా ఎత్తుకు చక్కగా సరిపోయింది.

"మేడమ్, కనపడట్లేదు!"

"పట్టికా?" అన్నాను కంగారుగా.

"కాదు, మీరు!"

"నన్ను కాదు, పట్టికను చూడండి."

"ఏంటి మేడమ్? వినపడట్లేదు!"

"కొంచెం గట్టిగా చెప్పమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు వెనక నుంచి.

గట్టిగా చెప్పడం నా వల్ల అయ్యేదైతే ఈ గంపంతా ఎందుకు సార్ అని మనసులో అనుకుని, వేలితో గంపను తిప్పాను. లోపల నుంచి 'కుర్ర్' మంది. కుర్చీకి నూనె వేయాలి కాబోలు అనుకున్నాను. నియాన్ పక్కనే సోడియం ఎలా వచ్చిందో వివరించి, ఇంకో చుట్టు తిప్పాను. మీ ఇంటి పైకప్పు కింద మీరు కునుకు తీస్తుంటే ఎవరో ఇల్లు మొత్తం గిరగిరా తిప్పితే మీకెలా ఉంటుంది? పెట్టకీ అలాగే ఉండి ఉంటుంది. తన్నుకోవడం మొదలుపెట్టింది. నేను అవతలి వైపు ఉన్నాను, నాకేమీ కనపడదు.

"మేడమ్, సోడియం కదులుతోంది!"

"అవును," అన్నాను గంప వెనక నుంచి. "చాలా చురుకైన మూలకం. ఊరికే ఉండదు."

"నిజంగా కదులుతోంది మేడమ్!"

"మంచి పరిశీలన. దాని కిందున్న పొటాషియం ఇంకా చురుకు."

"అదీ కదిలింది! ఇప్పుడు రుబీడియం మేడమ్!"

"శభాష్! ఆ గ్రూపులో కిందికి పోయేకొద్దీ చురుకు పెరుగుతుంది. మీకు నేను చెప్పకుండానే అర్థమైపోతోంది."

నా కళ్ళు చెమర్చాయి. నా జన్మలో ఇంతమంది నా మాటను ఇంత ఉత్సాహంగా వినలేదు. బెంచీలు దిగి ముందుకొస్తున్నారు. ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"మేడమ్, నూట పద్దెనిమిది తర్వాత ఏముంటుంది?"

"ఇంకా ఎవరికీ దొరకలేదమ్మా. నూట పంతొమ్మిదోది దొరికిన రోజున కింద ఎనిమిదో వరస మొదలవుతుంది," అన్నాను గంభీరంగా. ఆ ఊపులో గంపను గట్టిగా ఒక్క తిప్పు తిప్పాను.

అంతే. మూత ఎగిరింది. హైడ్రోజన్, హీలియం రెండూ గాల్లోకి లేచాయి. తేలికైన వాయువులు కదా, అక్కడి వరకు శాస్త్రం ప్రకారమే జరిగింది. వాటి స్థానంలో ఒక నల్లటి తల పైకి వచ్చింది. ఎర్రటి తురాయి. తల ఇటు తిప్పి తరగతిని చూసింది, అటు తిప్పి నన్ను చూసింది.

వెనక నుంచి ఒకడు అడిగాడు.

"మేడమ్, ఇది ఏ గ్రూపు?"

నేను సమాధానం ఆలోచించేలోగా ఆ కొత్త మూలకం రెక్కలు విప్పింది. కాళ్ళకున్న పీలిక ముడి ఎప్పుడో వదులైపోయింది. ఒక్క ఎగురు ఎగిరింది. ఆ తోపుకి నేను కట్టిన తీగ తెగి, గంప చెక్క మీద నుంచి ఊడి, బల్ల మీద నుంచి దొర్లి, బెంచీల మధ్య ఉరుకులు పెట్టింది. బిళ్ళలు చెల్లాచెదురయ్యాయి. బంగారం బెంచీ కిందికి పోయింది. యురేనియం సూటిగా ప్రిన్సిపాల్ గారి కాళ్ళ దగ్గరికి పోయింది. తిరుగుడు చెక్క మాత్రం బల్ల మీద అలాగే నెమ్మదిగా తిరుగుతోంది. దాని నడిమధ్యలో, ఇంకా వెచ్చగా, ఒక గుడ్డు.

"మేడమ్! నూట పంతొమ్మిది దొరికింది!"

ఇక ఆ గోల రాయడానికి అక్షరాలు చాలవు. సగంమంది కోడి వెంట పడ్డారు, సగంమంది గుడ్డు వెంట పడ్డారు. పెట్ట నేరుగా ప్రిన్సిపాల్ గారి వైపు ఎగిరింది. పాపం, ఎవరి కోసం వచ్చిందో దానికి గుర్తుంది. ఆయన పంచె కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని బెంచీ ఎక్కేశారు.

"అమ్మాయ్! పట్టుకో! నా మీదికి రానివ్వకు! ముట్టుకుంటే మళ్ళీ స్నానం చెయ్యాలి!"

వెంట పడేకొద్దీ కోడి బెదురుతుంది, కిటికీలోంచి దూకిందంటే రోడ్డు మీద లారీ కింద పడుతుంది. మా నాయనమ్మ నల్లపెట్ట! నాలో ఏమైందో తెలియదు. ఎక్కణ్ణుంచో ఒక గొంతు లేచింది.

"ఆగండ్రా! ఎక్కడివాళ్ళు అక్కడ కూర్చోండి! కిటికీ దగ్గరున్నవాడా, రెక్కలు మూసెయ్! ఒరేయ్ చారల చొక్కా, ఫ్యాను కట్టెయ్! ఒక్కడు కదిలాడంటే కాళ్ళు విరగ్గొడతా!"

ఎవరు ఈ రాక్షసి అని నేనూ వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. ఆ గొంతు నాదే.

తరగతి మొత్తం కూర్చుంది. బెంచీ మీదున్న ప్రిన్సిపాల్ గారు కూడా కూర్చున్నారు, బెంచీ పైనే, బాసింపట్టు వేసుకుని. నేను "బా... బా... బా..." అంటూ వంగి వెళ్ళి, బీరువా మూలలో పెట్టను ఒడిసి పట్టి చంకలో పెట్టుకున్నాను. కాలికి వేలాడుతున్న చీర పీలికను చూడగానే నాయనమ్మ 'ఓహో' మొత్తం అర్థమైంది.

"ఏంటమ్మా ఇది?" అన్నారు ఆయన.

"నల్లపెట్ట సార్."

"అది కనపడుతూనే ఉంది. ఎందుకు తెచ్చావు?"

"నేను తేలేదు సార్. మా నాయనమ్మ పంపింది. మీ కోసం."

"నా కోసమా?"

"ఒట్టి గంప పంపకూడదని సార్."

ఆయన కోడిని చూశారు, నన్ను చూశారు, గుడ్డును చూశారు. "మేము ఇవి... తినం కదమ్మా," అన్నారు, కోడికి క్షమాపణ చెప్పుకుంటున్నట్టుగా.

"తెలుసు సార్. మా నాయనమ్మకి తెలీదు సార్."

వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. నాకు కనీసం కోతి కూడా కాలేదు, కోళ్ల దొడ్డి అయింది. ఇక యూరియా బస్తాలే గతి అనుకుంటూ, చంకలో పెట్టతో ఆఫీసు గదిలో నిలబడ్డాను. ఆయన కుర్చీని వీలైనంత వెనక్కి జరుపుకుని కూర్చున్నారు.

"చూడమ్మా. నువ్వు చెప్పిన పాఠంలో నాకు ఒక్క ముక్క వినపడలేదు."

తల దించుకున్నాను.

"కానీ ఆ కేక ఉంది చూశావూ, దానికి ఇక్కడ మా క్లర్కు కూడా లేచి నిలబడ్డాడట. ఆ సెక్షన్ నోరు మూయించిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. లెక్చరర్ పోస్టు నీకు ఇవ్వలేను. ఫ్లోర్ ఇన్‌ఛార్జిగా చేరతావా?"

"అంటే ఏం చెయ్యాలి సార్?"

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరండాలో తిరుగుతూ అరుస్తూ ఉండాలి. కెమిస్ట్రీ సార్ సెలవు పెట్టినప్పుడు పాఠం కూడా చెప్పొచ్చు. ఒకటే షరతు. చేతులూపుకుంటూ రావాలి, చేతుల్లో ఏమీ ఉండకూడదు."

అలా, మనుషులతో మాట్లాడాల్సి వస్తుందని పురుగుమందుల కొట్టు నుంచి పారిపోయిన నేను, జీతం తీసుకుని మరీ మనుషుల మీద అరిచే ఉద్యోగంలో చేరాను. కెమిస్ట్రీ సార్ ఆరోగ్యం దివ్యంగా ఉంది. ఇంతవరకు ఒక్క సెలవు పెట్టలేదు.

తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకుందట వెనకటికి ఒక ముసలమ్మ. మా నాయనమ్మ అంతకన్నా నయం. "నా పెట్ట పోకపోతే దీనికి ఉద్యోగం వచ్చేదా?" అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. కాదనడానికి నా దగ్గర రుజువు లేదు.

కాబట్టి, కరిగేవీ మరిగేవీ మండేవీ అయిన సమస్త మూలకాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నాకు మళ్ళీ పాఠం చెప్పే యోగం కలిగితే, గోడకు అంటించిన బల్లపరుపు చార్టుతోనే చెబుతాను. నియాన్, సోడియం చెరో చివరా ఎడమొహం పెడమొహంగా ఉంటే ఉండనీ, చుట్టాలు వసారాలో పడుకుంటే పడుకోనీ. పొడవూ వెడల్పూ కాక మూడో కొలత ఒకటి ఉంటుందని, దాని గురించి పుస్తకాల్లో ఎన్నో రాశారు. నాకు తెలిసినంతలో మూడో కొలత అంటే లోపల చోటుండడం. లోపల చోటంటూ ఉంటే, మా ఇంట్లో ఎవరో ఒకరు అందులో ఏదో ఒకటి పెట్టి తీరతారు. చార్టుకైతే ముందు నేనుంటాను, వెనక గోడ ఉంటుంది. ఆ మధ్యలో ఏ కోడీ పట్టదు.